సూది వద్దన్నది ఎవ్వలు?

పోయిన ఆయితారం సిరిసిల్ల నుంచి మా పాత వాడోళ్ళు జగిత్యాలకు, మా ఇంటికచ్చిండ్రు. పోచమ్మ గుడి మల్ల కొత్తగ కడుతాండ్రట. గుడి పేరు మీద ఒక పుస్తకం అచ్చేస్తరట. పత్రికలల్ల కథలు రాస్తనని నా మీద వాళ్ళకు గురి, అందుకే నన్ను నాలుగు ముక్కలు రాసియ్యుమన్నరు. ఏం రాయాలె అని అడిగిన. కమిటీ పెద్ద రాజేశం, చిన్నప్పుడు మా ఇంటెనుక ఇల్లే వాళ్ళది, చాయ గ్లాసు కింద వెట్టి చేతులు జోడిచ్చిండు. "ఇంకేం రాస్తవక్కా, నీ మీదికి అమ్మచ్చిన ముచ్చట రాయి. గసొంటి పూనకం మల్ల జూడలేదని మా అవ్వ సచ్చేదాక చెప్పింది" అన్నడు. ఎంబడచ్చిన ఆడోళ్ళు ఇద్దరు నా కాళ్ళ దిక్కు జూస్తాండ్రు, మొక్కుదామా వద్దా అన్నట్టు. నేను కాళ్ళు చీర కిందికి గుంజుకున్న.

నాకు ఒళ్ళు మండింది. జుట్టు నెరిసింది, పండ్లు రెండు ఊడినయి, అయినా గా ముచ్చట నన్ను ఇడుస్తలేదు. "రాస్త తమ్మీ, గని జరిగింది జరిగినట్టు రాస్త. అచ్చేసుకుంటే ఏసుకోండ్రి, లేకుంటే చింపి పారేయిండ్రి" అన్న. నేను పరాష్కమాడుతున్న అనుకోని రాజేశం నవ్విండు. నేను పరాష్కమాడలే.

మా ఇల్లంటే ముందల రెండర్రలు, ఎనుక సాంచల కొట్టం. సాంచలంటే మరమగ్గాలు. అవి మాయి గావు, ఆసామియి, బాపు వాటి మీద బట్ట నేస్తుండె. పొద్దుగాల సాంచలు మొదలైనయంటే ఇగ మా ఇంట్ల మాట్లాడుకునుడు లేదు, అరుసుకునుడే. గందుకే నాకిప్పటికి మెల్లగ మాట్లాడరాదు, ఫోన్ల మాట్లాడితే పక్కింటోళ్ళు తొంగి జూస్తరు. ఇల్లంత గంజి వాసన, మిషిని నూనె వాసన. అన్నం తలెల దూదిపోగు రాని దినం లేదు, ఏలితోని తీసి పక్కకు వెట్టి తినుడే. మా బాపమ్మ రాజవ్వ గడపల కూసోని రాట్నం మీద కండెలు చుడుతుండె. నోట్లె చుట్ట, ఏళ్ళ సందుల నూలు. నూలు తెగితే నూలునే తిట్టేది, "నీ పాడు గాను, నీకేం రోగం పుట్టిందే" అని, ముందల మనిషి నిలవడ్డట్టు. బాపును సుత గట్లనే తిట్టేది. కోడలైన మా అవ్వను మాత్రం తిట్టకపోయేది, కోపమస్తే అవ్వతోని మాట బందు వెట్టేది. అది తిట్టుడు కన్న ఎక్కువ.

ఒక ఎండకాలం సెలవులల్ల కోరుట్లకు, మా మేనమామింటికి పోయిన. మామ ఆడ బట్టలు కుడుతుండె. గక్కడ నాకు దూప మొదలైంది. ఏం దూప అది! రంజన్ల నీళ్ళు వంచుకోని తాగుడు, బయటికి ఉరుకుడు, మల్లచ్చి తాగుడు. తిన్నది ఏడ పోతాందో తెల్వకుంట కట్టె లెక్క ఎండిపోయిన. మా అత్త దిష్టి తాకిందని ఉప్పు మిరపకాయలు తిప్పింది. మామ ఆగలే. బస్సెక్కిచ్చి జగిత్యాలల ఒక డాక్టరు దగ్గరికి తీస్కపోయిండు. డాక్టరుది తెల్ల జుట్టు, మాట కటువు. ఉచ్చ పరీక్ష జేసి, "ఇది చెక్కెర బీమారి. పెద్దోళ్ళకచ్చే రకం గాదు, పిల్లలకచ్చే రకం. గోళీలకు లొంగది. బతికినన్ని రోజులు సూది ఎయ్యాలె, ఒక్కనాడు సుత తప్పొద్దు" అన్నడు. మామ సూది ఎయ్యుడు నేర్చుకోని, సిరిసిల్లకచ్చి మా అవ్వకు నేర్పిండు.

గప్పటిసంది మా ఇంట్ల పొద్దు సూదితోనే పొడిచింది. అవ్వ చిన్న గిన్నెల నీళ్ళు మసలవెట్టి గాజు సిరంజి, సూది అండ్ల ఏసి ఉడికిచ్చేది. మా వాడల ఎవ్వలింట్ల ఫ్రిజ్ లేదు. ఇన్సులిన్ సీసను మూలకున్న కుండల వెట్టి, కుండకు తడిబట్ట చుట్టేది. ఆ బట్ట ఆరితే చాలు, సాంచల సప్పుడుల సుత బాపమ్మకు ఎట్ల తెలుస్తుండెనో, "నీళ్ళు చల్లుండ్రే, పిల్ల మందు ఉడుకైతది" అని ఒర్రేది. సూది గిప్పటి తీరుగ సన్నగుండేది గాదు, దబ్బనమే. అవ్వ నా తొడల గుచ్చేటప్పుడు తన పండ్లు కొరికి పట్టుకునేది. నేను రోజు ఒకటే లొల్లి, సూది వద్దు, సూది వద్దు అని. మా లొల్లికి ఎనుకింటి కనకవ్వ, గదే రాజేశం వాళ్ళ అవ్వ, గోడ మీదికెల్లి తలకాయ వెట్టి "రోజు సూదులేంది వదినే, గిట్లయితే రేపు పిల్లనెవ్వలు జేసుకుంటరు" అని అడిగేది. కందకు లేని దురద కత్తిపీటకు అంటరు గదా, గది.

బాపమ్మ పోచమ్మకు మొక్కింది, పిల్ల బీమారి పోతే పిల్లతోనే బోనం ఎత్తిస్తనని. బీమారి పోతదా? పోలే. "అయితే ముందుగాలనే బోనం ఎత్తుదాం, అమ్మ కరుణిస్తదేమో" అన్నది శ్రావణం రాంగనే. బోనం ఎత్తేటోళ్ళు ఒక్కపొద్దుండాలె. బోనం అమ్మకు ఒప్పజెప్పినంకనే నోట్లె మెతుకు. అవ్వ భయపడుకుంట అడిగింది, "తినకుంటే ఎట్లనత్తా, బీమారి పిల్ల" అని. "ఒక్క పూటకు పాణం పోతదా?" అని బాపమ్మ అన్నది. అవ్వ పొద్దుగాల ఎప్పటి లెక్కనే సిరంజి ఉడకవెట్టి నాకు సూది మాత్రం ఏసింది.

గదీ జరిగిన తప్పు. ఎవ్వలు కావాలని జెయ్యలే. సూది తప్పొద్దన్న డాక్టరు మాట మా ఇంట్ల అందరికి యాదికున్నది. సూది ఏసినంక తినాలె అన్న మాట ఒక్కలకు యాదికి లేదు. రోజు తినేదే గదా, దాన్ని పనిగట్టుకోని యాదుంచుకునేదేముంది? మా దిక్కు ఒక్కపొద్దున్నోళ్ళు మందుగోళీ మింగుతరు, తిండి ముట్టరు. మందుకు ఒక్కపొద్దు లేదు. గా లెక్కతోనే నాకు సూది వడ్డది, బువ్వ వడలే.

డప్పులు ముందల, మేము ఎనుక. ఉక్కపోత. నెత్తి మీద బెల్లపన్నం బోనం, దాని మీద దీపం, చేతుల వేపమండ. మొదాలు ఆకలైంది, గది పోయింది. గప్పుడు చల్లచెమట వట్టింది. చేతులు వణుకుడు షురువైంది, గుండె ఎవ్వలో తరిమినట్టు కొట్టుకుంటాంది. డప్పు సప్పుడు ఏడనో దూరంల ఇనవడుతాంది. అందరి మీద కోపం, ఎందుకో తెల్వది, పక్కపొంటి నడిచేటోళ్ళను కొరుకుదామన్నంత కోపం. నెత్తి మీద కుండ ఊగింది. "అచ్చింది! అచ్చింది! అమ్మచ్చింది!" అని కనకవ్వ ఒర్రుడు ఇన్న. బోనం దించిండ్రు, నా జడ ఇప్పిండ్రు, పసుపునీళ్ళు గుమ్మరిచ్చిండ్రు. గాడికే నాకు యాదికున్నది. తర్వాతది వాళ్ళు చెప్పంగ ఇన్నదే. నేను ఊగిననట. "ఏం గావాలె తల్లీ, మేమేం తక్కువ జేసినం" అని కనకవ్వ అడిగిందట. నేను గుడ్లురిమి "సూది వద్దు! సూది వద్దు!" అన్ననట.

ఇగ జూసుకో! అమ్మే చెప్పింది, పిల్లకు సూది వద్దని. వాడ వాడంత ఇన్నది.

నాకు తెలివచ్చేసరికి నోరంత తియ్యగుండె. అమ్మను శాంతింపజెయ్యనీకె బెల్లం నీళ్ళ సాక నా నోట్లె పోసిండ్రు, పోసినంక కొద్దిసేపటికి నేను మనుషుల్లకచ్చిన. కండ్లు తెరిచి జూస్తే నా కాళ్ళ మీద బాపమ్మ నుదురు. ఇంత పొడుగు మనిషి, బాపును గడగడలాడిచ్చే మనిషి, మట్టిల వడి నా కాళ్ళు వట్టుకోని ఏడుస్తాంది. నాకు గంత భయం జీవితంల ఎన్నడు కాలే. కాళ్ళు గుంజుకుందామంటే ఇడువలే.

తెల్లారి సిరంజి ఉడకలే. సూది డబ్బను బాపమ్మ గూట్లె పైకి వెట్టి, "ఎవ్వలు ముట్టద్దు" అన్నది. కుండ మీది తడిబట్టను మాత్రం అవ్వ ఆరనియ్యలే, ఊకూకె నీళ్ళు చల్లుకుంటనే ఉన్నది. పొద్దూకేసరికి మల్ల దూప. నాలిక అట్టగట్టింది. బాపు సాంచ ఆపి నా దిక్కు జూసేది, బాపమ్మ దిక్కు జూసేది, మల్ల సాంచ నడిపేది. "సూది ఎయ్యుమన్ననుకో, రేపు వాడల ఏ పిల్ల సచ్చినా మనమే అమ్మ మాట కాదన్నమంటరు" అని బాపు అవ్వకు చెప్తుంటే ఇన్న. మరి నేను సస్తే? గా మాట ఎవ్వలు అంటలేరు. నాకు మాత్రం గదొక్కటే తెలుస్తాంది. సూది లేకుంటే నేను సస్త. డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కకే నిలవడున్న.

మరునాడు అవ్వ నా మంచం కాడికచ్చి చెవుల చెప్పింది. "బిడ్డా, ఇంకోపారి అమ్మ వచ్చినట్టు జెయ్యే. కొద్దిగ ఊగు. సూది ఎయ్యుండ్రి అని చెప్పు. అందరు ఇంటరు." ఎంత సులువు! ఊగుడు నాకు రాదా? మా వాడల పుట్టినోళ్ళకు గది నేర్పాలెనా? లేచి కూసున్న సుత. గని నాకు మండింది. "అమ్మ చెప్తే ఏస్తరు, నేను చెప్తే ఎయ్యరా? సూది దిగేది నా తొడల గదా! ఇయ్యాల అమ్మ ఎయ్యుమంటే ఏస్తరు, రేపు ఇంకెవ్వలి మీదికన్న వచ్చి వద్దంటే?" అన్న. అవ్వ కొంగు నోట్లె కుక్కుకోని ఏడ్చింది.

గంతట్లనే కనకవ్వ, ఇంకొందరు ఆడోళ్ళు పళ్ళెంల పసుపు కుంకుమలు వట్టుకోని వచ్చిండ్రు, అమ్మ పూనిన పిల్లను మొక్కిపోదామని. వాళ్ళు వంగుతాంటే నేను మంచం దిగిన. గోడ వట్టుకున్న. "అవ్వా, సూది డబ్బ దియ్యి" అన్న. సాంచల సప్పుడుల ఎవ్వలికి ఇనవడలే. కొట్టంలకు పోయి ఒర్రిన, "బాపూ, సాంచలు బందు వెట్టు!" బాపు బందు వెట్టిండు. పని దినం మా ఇంట్ల గంత నిశ్శబ్దం ఎన్నడు లేదు. మల్ల చెప్పిన, "సూది డబ్బ దియ్యి."

"వద్దు తల్లీ, అమ్మ కోపం జేస్తది" అని బాపమ్మ అడ్డమచ్చింది. నన్ను తల్లీ అంటాంది! నన్నెప్పుడు "పోరీ" అని తప్ప పిలువని మనిషి.

"జేస్తే నా మీద జెయ్యనియ్యి. నా నోట్లకెల్లి అమ్మ మాట్లాడలే బాపమ్మా, ఆకలి మాట్లాడింది. అమ్మే అయితే ఇన్ని బెల్లం నీళ్ళు పొయ్యంగనే ఎట్ల పోయింది? రోజు పొద్దుగాల సూది వద్దని ఏడ్చేది నేనే గదా, నువ్వు ఇనలేదా? గదే మాట గాన్నె అన్న. ఇప్పుడు చెప్తున్న, నేనే చెప్తున్న, నాకు సూది గావాలె."

కనకవ్వ చెంపలేసుకుంది, "పోరి నోరు గట్ల లేస్తాందేంది" అని. లేస్తది మరి! పాణం మీదికస్తే నోరు లేవకుంటే ఇంకెప్పుడు లేస్తది? అవ్వ స్టూలెక్కి గూట్లెకెల్లి డబ్బ దించింది. బాపమ్మ ముందల నుంచే పోయి దించింది, అత్త మాట దాటుడు అదే మొదటిసారి. పొయ్యి మీద నీళ్ళు వెట్టింది. సిరంజి ఉడికేదాక అందరు గట్లనే నిలవడున్నరు, ఒక్కలు కదులలే. మందు గుంజుడు నేను రోజు జూసిందే. గుంజిన. లంగ పక్కకు జరిపి నా తొడల నేనే గుచ్చుకున్న. నొప్పి లేసింది. సూది వద్దని మాత్రం అనలే. "ఇగ నాకు బువ్వ వెట్టుండ్రి" అన్న.

అదే దినం బాపు నన్ను జగిత్యాల బస్సెక్కిచ్చిండు. బాపమ్మ పిలువకున్నా చెప్పులేసుకోని ఎంబడచ్చింది. డాక్టరు నాకు సెలైన్ వెట్టి, బాపును, బాపమ్మను నిలవెట్టి తిట్టిండు. తిట్టినంక ఇడమరిచి చెప్పిండు. గా చెప్పింది నేను తర్వాత పుస్తకాలల్ల సుత సదువుకున్న, గని గాయన చెప్పినంత సాఫుగ ఎవ్వలు చెప్పలే. పొట్టెనుక క్లోమమని ఒక గ్రంథి ఉంటది. తిన్నది చెక్కెరై రక్తంల కలిస్తే, క్లోమం ఇన్సులిన్ అనే హార్మోన్ను ఇడుస్తది. గది ఉంటేనే రక్తంల చెక్కెర కండలకు పోతది, మిగిలింది కార్జంల, గదే కాలేయంల, దాసుకుంటది. నా క్లోమం ఇన్సులిన్ చేసుడు బందు వెట్టింది. అందుకే ఎంత తిన్నా ఒంటికి అందకుంట, చెక్కెర రక్తంలనే పెరిగి ఉచ్చల పోతుండె, ఎంబడి నీళ్ళను గుంజకపోతుండె. దూప అందుకే. మంచిగున్నోళ్ళకు తినని దినం క్లోమం ఇన్సులిన్ తగ్గిస్తది. సూదితోని ఎక్కిచ్చిన ఇన్సులినుకు మాత్రం ఒక్కపొద్దు ఉన్నదని తెల్వది, అది తన పని తాను జేస్తది. చెక్కెర పడిపోతది. గప్పుడు ఒళ్ళు ఊకుంటదా? గ్లూకగాన్ అని ఇంకో హార్మోను కార్జానికి చెప్తది, దాసిన చెక్కెర బయటికి తియ్యి అని. అది సాలకుంటే మూత్రపిండాల మీదున్న గ్రంథులు అడ్రినలిన్ ఇడుస్తయి. గుండె దడ, చెమట, వణుకు, అన్నీ దాని పనులే. మెదడుకు చెక్కెర అందకుంటే మనిషి తన సోయిల తానుండది, ఏదో ఒకటి మాట్లాడుతది. "మీ వాడోళ్ళు జూసింది గదే" అన్నడు డాక్టరు.

బాపమ్మ అడిగింది, "మరి అమ్మ లేదా సారూ?"

"ఉన్నదో లేదో నాకు తెల్వదమ్మా. నీ మనుమరాలు ఉండాలంటే మాత్రం సూది ఏసినంక తినాలె."

తిరిగచ్చేటప్పుడు బస్సుల బాపమ్మ చుట్ట సుత ముట్టియ్యలే.

గిప్పుడు రోజులు మారినయంటరు. మారినయి, కాదంటలే. అప్పుడు వాడకంత నేనొక్కదాన్నే చెక్కెర బీమారి దాన్ని, ఇప్పుడు ఇంటింటికి ఒక షుగర్ మనిషి. దబ్బనం పోయి పెన్ను వచ్చింది, దిగింది సుత తెల్వది. కోరుట్ల మామ మనుమరాలికి సుత నా బీమారే వచ్చింది. దాని జబ్బకు రూపాయి బిళ్ళంత మిషిని అతికిచ్చిండ్రు, చెక్కెర పడిపోతే ఫోన్ కూతవెడుతది. నా చిన్నప్పుడు గసొంటిది ఉంటే కనకవ్వకు పనే లేకపోవు. గని మొన్న పెండ్లికి పోతే గా పిల్లకు ఉక్కపోతల మోచేతుల దాక చేతుల జాకిటి తొడిగిండ్రు, మిషిని ఎవ్వలన్న జూస్తరని! మా అప్పుడు అమ్మ అనుకోని తప్పు జేసిండ్రు, భక్తితోని జేసిండ్రు. వీళ్ళు తెలిసి దాస్తాండ్రు. ఏది నయం? నేను పిల్లను పక్కకు తీస్కపోయి జాకిటి మార్పిచ్చి, మిషిని కనవడేటట్టు నా పక్కకు కూసోవెట్టుకోని బువ్వ తినిపిచ్చిన. దాని తల్లి నా మీద ఇంకా అలిగే ఉన్నది. ఉండనియ్యి. ఇగ ఫోన్లల్ల వచ్చే సలహాలు చెప్పద్దు, ఆకుపసరు తాగు, గింజలు నమలు, సూది ఇడిచిపెట్టు. పెద్దదాన్నయిందాక బతుకనన్నరు, పెండ్లి కాదన్నరు, పిల్లలు కారన్నరు. అన్నీ అయినయి. సూది తీస్కునేదాన్ని నేనున్న, చెప్పినోళ్ళల్ల సగం మంది పోయిండ్రు.

పోచమ్మ మీద నాకేం కోపం లేదు. గుడి కట్టుకోండ్రి, చందా సుత ఇచ్చిన. గని రాజేశం, నువ్వు మీ అవ్వ చెప్పిన పూనకం ముచ్చట అడిగినవు. మీ అవ్వ ఎన్నడు చెప్పని ముచ్చట ఇంకొకటి ఉన్నది, మరుసటి యేటిది. నువ్వు సుత గాన్నే ఉంటివి, చిన్నపోరనివి, యాది లేదేమో.

ఆ యేడు ఇంట్ల నన్ను బోనం ఎత్తనియ్యరనుకున్న. బాపమ్మే ఎత్తుమన్నది. "నేను ఒక్కపొద్దుండ" అన్న. "నిన్నెవ్వలుండుమన్నరే పోరీ" అన్నది. పొద్దుగాల సూది ఏసుకున్న, తిన్న, బోనం ఎత్తిన. గుడి కాడ జనం, పొద్దు నడిమింటికచ్చినా మా వంతు రాలే. మల్ల గదే చల్లచెమట. ఈసారి నాకు ఎరుకైంది. "బాపమ్మా, చేతులు వణుకుతున్నయి" అన్న. పక్కకున్న కనకవ్వ అప్పటికే "అచ్చింది! అచ్చింది!" అని అందుకున్నది, డప్పులోళ్ళు జోరు పెంచిండ్రు. బాపమ్మ నా నెత్తి మీది బోనం దించి కింద వెట్టింది. దీపం తీసి పక్కకు వెట్టింది, మూత తీసింది. అమ్మకు సూపెట్టని బోనంల చెయ్యివెట్టి పిడికెడు బెల్లపన్నం తీసింది. డప్పులు ఆగిపోయినయి.

"అయ్యో అయ్యో, అమ్మకు వెట్టకముందే ఎంగిలి జేస్తవానే, కండ్లు పోతయే!" అని కనకవ్వ నెత్తి కొట్టుకున్నది.

బాపమ్మ ఆమె దిక్కు సుత జూడలే. పోచమ్మ దిక్కు జూడలే. ముద్ద నా నోట్లె వెట్టి, కింద వడకుంట గదువ కింద చెయ్యివట్టింది.

"అమ్మ ఆగుతదే. నా పిల్ల ఆగది. తిను బిడ్డా."